రేటింగ్ ఎక్కువ ఉన్నదే మంచి ఎకో టూరిజమా? ఆ మెసేజ్‌లో తప్పులు ఇవీ

ఈమధ్య ఒక మెసేజ్ తెగ ఫార్వర్డ్ అవుతోంది. అందులో ఉన్నదేంటంటే: "రెండు మూడు ఎకో టూరిజం చోట్లలో ఏది మంచిదో తేల్చుకోలేక తల బద్దలు కొట్టుకోకండి. వెళ్లొచ్చినవాళ్లు ఇచ్చిన స్టార్లు చూడండి, వాళ్లు పోల్చి చూసే ఇస్తారు. ఏదైనా తేడా ఉంటే జనమే చెప్పేస్తారు. జంతువులు దగ్గరగా కనిపించే చోటికి వెళ్లండి. రూల్స్ ఎక్కువ పెట్టి ఫీజు గుంజేచోటు వదిలేయండి." వినడానికి బాగానే ఉంది గానీ దాదాపు ప్రతి ముక్కా తప్పే.

మొదట ఆ "పోల్చి చూసే ఇస్తారు" సంగతి. ఎవరు పోల్చారండీ? ఒక చోటికి స్టార్లు ఇచ్చినాయన చాలాసార్లు రెండో చోటు గడప కూడా తొక్కి ఉండడు. ఆయన పోల్చుకున్నదల్లా వెళ్లేముందు ఫోన్‌లో చూసిన ఫొటోలతో, మనసులో పెట్టుకున్న ఆశలతో. ఏమీ ఆశించకుండా వెళ్లినవాడికి జింకల మంద కనిపించినా ఐదు స్టార్లే, పులి కోసమే వెళ్లి బురదలో దాని పాదముద్ర మాత్రం చూసొచ్చినవాడు రెండు పడేస్తాడు. ఇద్దరూ వెళ్లింది ఒకే అడవికి, ఒకే రోజు కావచ్చు. ఆ రెండింటి సగటు తీసి ఇంకో అడవి సగటు పక్కన పెడితే అది పోలిక ఎలా అవుతుంది?

నిజంగా పోలిక తెలియాలంటే అడిగే తీరే వేరు. 1955లో జార్జ్ కెల్లీ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి ఒకటుంది, పర్యాటక పరిశోధకులూ దాన్ని వాడుతుంటారు. మనిషికి తెలిసిన మూడు చోట్ల పేర్లు ముందు పెట్టి "వీటిలో ఏ రెండు ఒకలా ఉన్నాయి, మూడోది ఎందులో వేరు?" అని అడుగుతారు, అంతే. అప్పుడు "ఆ రెండింట్లో బండిలో కూర్చుంటే చాలు, ఇక్కడ నడవాలి", "అక్కడ గైడ్ కబుర్లు చెబుతాడు, ఇక్కడ నోరు మెదపనివ్వడు" లాంటివి బయటికొస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు ఒకటి నప్పుతుంది, పక్షుల పిచ్చి ఉన్నవాళ్లకు ఇంకొకటి. స్టార్లలో ఇదంతా కలగాపులగమై ఒక్క అంకె మిగులుతుంది.

"తేడా ఉంటే జనమే చెప్పేస్తారు" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో వన్యప్రాణులతో ముడిపడిన 24 రకాల పర్యాటక ఆకర్షణలను పరిశీలిస్తే, 18 రకాల్లో జంతువుల బాగోగులకు చెడే జరుగుతోందని తేలింది. వెళ్లొచ్చినవాళ్లు రివ్యూలు రాసే ట్రిప్‌అడ్వైజర్ వెబ్‌సైట్‌లో వాటి గురించి జనం రాసినవాటిలో జంతువుల సంక్షేమం, సంరక్షణ బాగోలేవని తప్పుపట్టినవి 7.8 శాతమే. జనం చెడ్డవాళ్లని కాదు. బాత్రూమ్ శుభ్రంగా ఉందో లేదో కంటికి కనిపిస్తుంది. వీపు మీద మనల్ని ఎక్కించుకున్న ఏనుగు పొద్దుటినుంచి ఎన్ని రౌండ్లు తిరిగిందో, దాన్ని ఎలా లొంగదీశారో కనిపించదు కదా.

ఇక దగ్గరగా చూపించడం. కెన్యాలోని మసాయ్ మారా అభయారణ్యంలో చీతాల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. టూరిస్టుల తాకిడి తక్కువున్న ప్రాంతాల్లో తల్లి చీతా ఒక్కో ఈతలో సగటున 2.3 పిల్లలను సొంతంగా బతికే వయసు దాకా పెంచగలిగింది. తాకిడి ఎక్కువున్న చోట 0.2. అంటే ఐదు ఈతలు కలిపితే ఒక్క పిల్ల! గడ్డిలో చీతా, చుట్టూ బళ్లు, పైకప్పులోంచి తలలు, ఫోన్లు... ఆ బళ్లలో ఉన్నవాళ్లను రేటింగ్ అడిగి చూడండి, జీవితంలో మర్చిపోలేని రోజు అని రాస్తారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, వాళ్లకది నిజంగా గొప్ప రోజే. చీతాను అడిగే ఏర్పాటే లేదు.

రూల్స్, ఫీజు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. పర్వత గొరిల్లాలను చూడ్డానికి ఒక గుంపు దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే, అదీ ఒక్క గంటే పంపుతారు, దూరం పాటించమంటారు. ఎందుకంటే మన జలుబు వాటికి అంటుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ గొరిల్లాలుండే ఆఫ్రికా దేశం రువాండా 2017లో వాటిని చూసే ఫీజును రెట్టింపు చేసింది, పార్కుల ఆదాయంలో చుట్టుపక్కల జనానికిచ్చే వాటాను 5 నుంచి 10 శాతానికి పెంచింది. ఫీజు ఎక్కువైన ప్రతిచోటా ఇలాగే జరుగుతుందని కాదు, గుంజేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఎంత తీసుకుంటున్నారన్న దానితో పాటు, ఆ డబ్బు ఎటు పోతోందని కూడా అడగాలి.

రివ్యూలు చదవొద్దని నేననను, నేనూ చదువుతాను. కాకపోతే ఒకటి రెండు స్టార్లు ఇచ్చినవి ముందు చదువుతాను. "బండి దిగనివ్వలేదు", "దూరం నుంచే చూపించి గంటకే వెనక్కి పంపేశారు" అని ఎవరైనా తిట్టిపోసి ఉంటే ఆ చోటి పేరు రాసి పెట్టుకుంటాను.