రేసు అయిపోయింది, ఇంకెందుకు పరిగెత్తాలి? బావగారికీ నాకూ వాదన

ముందు సంగతి చెప్పేస్తా. ఫిబ్రవరి మొదటి వారంలో చెన్నైలో నా మొదటి ట్రయథ్లాన్ పూర్తి చేశాను. సముద్రంలో కిలోమీటరున్నర ఈత, ఒడ్డెక్కి 40 కిలోమీటర్లు సైకిల్, అది దిగి 10 కిలోమీటర్లు పరుగు, మొత్తం 3 గంటల 42 నిమిషాలు. చేతి మీద మార్కరుతో రాసిన నంబరు చెరిగిపోతుందని నాలుగు రోజులు ఆ చేతికి సబ్బు కూడా రాయలేదు, అంత సంబరం. ఇప్పుడు ఏప్రిల్ ఆఖరు. ఈ పదకొండు వారాల్లో ఎన్నిసార్లు వ్యాయామం చేశానో లెక్కపెడితే ఒక చేతికే రెండు వేళ్ళు మిగిలిపోతాయి.

మా బావగారు, అంటే అక్క భర్త, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ఎనిమిదేళ్ళ క్రితం డాక్టరు షుగర్ అన్న రోజు నుంచీ కాలవ గట్టు మీద నడుస్తున్నారు. మొన్న ఆదివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని నా మీద మొదలెట్టారు. నేనూ ఊరుకోలేదు. "ఊరికే అరుచుకోవడం ఎందుకు, ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుందాం, మీ అక్క తీర్పు చెప్తుంది" అన్నారు. అక్క ఆవకాయకి కాయలు తుడుచుకుంటోంది, తీర్పు చెప్పే మూడ్‌లో లేదు.

నేను: నాది ఒకటే మాట అండి. ఇంకో రేసుకి డబ్బు కట్టేస్తే రేపు పొద్దున్నే లేస్తాను. సెప్టెంబరు నుంచి ఐదు నెలలు నాకు పొద్దున్న లేచి ఏం చెయ్యాలన్న ఆలోచనే లేదు. ఫ్రిజ్ మీద కాగితం ఉండేది. మంగళవారం పరుగు, శనివారం కాకినాడ వెళ్ళి స్విమ్మింగ్ పూల్‌లో ఈత, ఆదివారం గన్నవరం అక్విడక్టు దాటి సైకిల్ తొక్కి, వచ్చి దిగీ దిగగానే బూట్లు మార్చుకుని పరుగు. కాగితం చెప్పేది, నేను చేసేవాణ్ణి. ఇప్పుడు కాగితం లేదు.

బావ: అదేరా నేననేది. నువ్వు వ్యాయామం చెయ్యలేదు, పరీక్షకి చదివావు. ఇంటర్ పరీక్షలయ్యాక పుస్తకాలు అటక మీదికి విసిరినోడివి నువ్వు, గుర్తుందా? ఇప్పుడు సైకిలూ అంతే. నా వసారాలో పెట్టి వెళ్ళావు, మీ అక్క దాని మీద బట్టలారేస్తోంది.

నేను: పరీక్ష లేకపోతే ఆ మాత్రమైనా చదివేవాణ్ణా?

బావ: నాకే పరీక్షా లేదు కదా, ఎనిమిదేళ్ళుగా చదువుతున్నా.

నేను: మీకుందండీ! మూడు నెలలకోసారి ల్యాబ్‌లో రక్తం ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా అక్కతో మాట్లాడరు. అది పరీక్ష కాకపోతే ఇంకేంటి?

(ఇక్కడ అక్క నవ్వింది. మార్కు నాకే అనుకున్నాను.)

బావ: సరే, అది వదిలెయ్. ఈ పదకొండు వారాల్లో అసలు బయటికి వెళ్ళావా?

నేను: రెండుసార్లు పరిగెత్తాను. జనవరిలో కిలోమీటరుకి ఆరు నిమిషాల పది సెకన్లు పట్టేది. మొన్న ఏడున్నర. వాచీ చూసుకుని కొబ్బరితోట మలుపు దాకా కూడా వెళ్ళకుండా వెనక్కొచ్చేశాను. ఐదు నెలలు కూడబెట్టిందంతా పోయిందనిపించింది. పోవడం నిజం కూడా. మానేసిన మొదటి రెండు వారాల్లోనే రక్తంలో నీటి భాగం తగ్గుతుందంట, గుండె ఒక్కసారి కొట్టుకుంటే పంపే రక్తం తగ్గుతుందంట, అందుకని అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ఆయాసం అందుకే.

బావ: పోయింది సరే, తిరిగి రాదని రాసుందా?

నేను: వస్తుంది. మొదటిసారి పట్టినంత టైం కూడా పట్టదంటారు.

బావ: మరి ఏడుపు దేనికి? మొన్నటి నీతో ఇవాళ్టి నువ్వు పందెం వేసుకుని ఓడిపోతున్నావు, అంతే. ఆ వాచీ తీసి బీరువాలో పడెయ్. ఏప్రిల్ ఎండలో పరిగెత్తి జనవరి చలితో పోల్చుకునే వాణ్ణి ఏమనాలి? నేను నడిచేటప్పుడు ఎంత దూరమో తెలీదు, లాకుల దాకా వెళ్ళి వస్తా. ముప్పావు గంట, వారానికి ఆరు రోజులు. ఎంతైంది?

నేను: 270 నిమిషాలు.

బావ: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి 150 నుంచి 300. మా డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు. ఏ మెడల్ కూడా లేకుండా నేను పాసు.

నేను: అదే సంస్థ వారానికి రెండు రోజులు కండరాలకి పని చెప్పమని కూడా అంటోంది, ఆ ముక్క చీటీలో లేదా?

బావ: కొబ్బరి బస్తాలు ఎవడు ఎత్తుతున్నాడనుకున్నావు?

నేను: కూలీలండి. నేను చూస్తూనే ఉన్నాను కదా.

(అక్క రెండోసారి నవ్వింది. బావగారు టీ గ్లాసు కింద పెట్టి కాస్త ముందుకి జరిగారు, అంటే సీరియస్ అయ్యారని.)

బావ: చూడు, ఎదురుగా కాలవ చూడు. నీళ్ళు కట్టేసి పది రోజులైంది. అడుగున ఆ గుంటల్లో పిల్లలు చేపలు పడుతున్నారు. ఏడాదంతా పారితే లాకుల తలుపులు ఎప్పుడు బాగుచేస్తారు, పూడిక ఎప్పుడు తీస్తారు, గుర్రపుడెక్క ఎప్పుడు లాగుతారు? కట్టెయ్యాలి కాబట్టే కడతారు. నీ ఒళ్ళూ అంతే. ఐదు నెలలు తోలావు, కొన్నాళ్ళు ఆగింది. నువ్వేమో కాలవ ఎండిపోయిందో అని గోల పెట్టి, వెంటనే ఇంకో రేసు తెచ్చి దాన్లో పొయ్యాలని చూస్తున్నావు.

నేను: ఒప్పుకున్నా, పోలిక బాగుంది. కానీ బావగారూ, కాలవ కట్టేసిన రోజు రైతు ఏమడుగుతాడు? మళ్ళీ నీళ్ళు ఎప్పుడు వదులుతారనేగా? జూన్‌లో ఫలానా తేదీ అని చెప్తేనే నారుమడి సంగతి చూసుకుంటాడు. తేదీ చెప్పకుండా కట్టేస్తే మీరే ముందు ధర్నాకి కూర్చుంటారు. నాకూ ఆ తేదీయే కావాలి. దాన్ని రేసు అంటారు.

బావ: (కాసేపాగి) ఇది మాత్రం బాగా అందుకున్నావ్.

ఇక్కడితో వాదన అయిపోవాలి నిజానికి. కానీ ఆయన కొబ్బరి బేరగాడు, బేరం వదలరు.

బావ: తేదీ పెట్టుకున్నావనుకో. మళ్ళీ ఐదు నెలలు గుర్రంలా తిరుగుతావు, రేసు అవుతుంది, మళ్ళీ మూణ్ణెల్లు మంచం. ప్రతి రేసుకీ ఇదేనా? నీకు ఏది నచ్చి చేశావో అది చెప్పు ముందు. మెడల్ కాకుండా.

నేను జవాబు చెప్పడానికి టైం పట్టింది. సముద్రం అందామనుకున్నాను, కాదు. అక్కడ మొదటి ఐదు నిమిషాలు ఎవడి కాలో మొహానికి తగిలి భయంతో ఊపిరాడలేదు. సైకిల్ దిగి పరుగు మొదలెట్టినప్పుడు కాళ్ళు తాటిదుంగల్లా ఉన్నాయి, అది ఎవరికి నచ్చుతుంది?

నేను: చెప్తే నవ్వుతారు. అక్టోబరులో కాలవలో ఈదేవాణ్ణి కదా, మీరు నా తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నాతో సమానంగా నడిచేవారు. ఊపిరి కోసం తల తిప్పిన ప్రతిసారీ మీ లుంగీ అంచు కనపడేది. అది కనపడుతున్నంతసేపూ భయం ఉండేది కాదు.

బావ: (నవ్వలేదు) గోదాట్లో ఇసుక తవ్విన గోతులుంటాయి, అక్కడ దిగొద్దు, ఈదితే కాలవలోనే ఈదు, నేను గట్టు మీదుంటా అన్నది నేనేగా. నీకోసం రోజూ లాకులు దాటి ఇంకో రెండు కిలోమీటర్లు ఎక్కువ నడిచేవాణ్ణి.

నేను: ఇప్పుడు?

బావ: ఇప్పుడు ఎందుకు నడుస్తా? లాకుల దగ్గరే తిరిగొచ్చేస్తున్నా.

నేను: అంటే మీక్కూడా నా రేసే కావాల్సొచ్చిందన్నమాట!

బావ: నీ రేసు కాదురా, నువ్వు. రెండూ ఒకటి కాదు.

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మాట మార్చడానికి ఎప్పుడో చదివిన సంగతి ఎత్తాను. ఈ ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ ఆ పేరుతో మొదటిసారి జరిగింది 1974లో, అమెరికాలోని శాన్ డియాగోలో. అక్కడి పరుగుల క్లబ్బు వాళ్ళు రోజూ ట్రాక్ చుట్టూ తిరిగే శిక్షణ నుంచి కాస్త మార్పుగా ఉంటుందని ఒక బుధవారం సాయంత్రం పెట్టుకున్నారు. వచ్చింది 46 మంది.

బావ: చూశావా, విసుగు పోగొట్టుకోవడానికి పుట్టిందే అది. దాన్ని పట్టుకుని నువ్వు విసుగు తెచ్చుకున్నావు.

నేను: 46 మందీ ఒక తేదీకి ఒప్పుకుని వచ్చారండి. అది కూడా చూడాలి.

బావ: నువ్వు వదలవు. సరే, ఇంకొకటి అడుగుతా, సరదాకి కాదు. నిద్ర పడుతోందా? తిండి? వ్యాయామం ఒక్కటే బద్ధకమా, అన్నిటి మీదా విసుగేనా? అన్నిటి మీదా అయితే ఈ వాదన మనిద్దరం చెయ్యాల్సింది కాదు, డాక్టరు దగ్గరికి వెళ్దాం.

నేను: లేదండి, నిద్రకేం, బ్రహ్మాండంగా పడుతోంది. పొద్దున్న నాలుగు నలభైకి అలారం మోగితే ఆపేసి మళ్ళీ పడుకుంటున్నా.

బావ: రేసు అయి పదకొండు వారాలైందన్నావ్. అలారం ఇంకా మోగడమేంటి?

నేను: తీసెయ్యలేదు.

బావ: ఎందుకు తీసెయ్యలేదు?

నేను: ...ఏమో.

బావ: ఆ ఏమోకి అర్థం నాకు తెలుసు, నీకూ తెలుసు. రేసుకి డబ్బు కట్టుకో, నేనొద్దనను. కానీ ఇవాళ కట్టకు, కాలవకి నీళ్ళొదిలిన రోజు కట్టు. ఈలోగా పొద్దున్నే ఐదింటికి గట్టు మీదికి రా. నడుస్తావో, పరిగెత్తుతావో నీ ఇష్టం. వాచీ తేకు.

నేను: తెస్తా.

బావ: తెస్తే లుంగీలో దోపుకో.

నేను: ట్రాక్ ప్యాంటండి నాది.

బావ: అయితే మీ అక్కకియ్యి. ఏమే, తీర్పు చెప్పవా? ఎవరు నెగ్గారు?

అక్క తుడిచిన కాయలు గుడ్డ మీద ఆరబోస్తూ తలెత్తకుండానే చెప్పింది: "ఎవరు నెగ్గితే నాకేంటి, ముందు ఆ సైకిల్‌కి గాలి కొట్టండి, రెండు చక్రాలూ దిగిపోయి నా చీర అంచులు నేలకి ఈడుస్తున్నాయి."

పంపు నా ఇంట్లో ఉంది. తేవడానికి లేచాను. బావగారు కూడా చెప్పులేసుకున్నారు.