మహారాజశ్రీ కార్న్‌ఫ్లోర్ గారి సముఖానికి

బరంపురం బడాబజారు నుంచి ఒక కోడలు నమస్కరించి రాసుకునే మనవి. ఉభయకుశలోపరి.

మా అరమీద పసుపుకీ ధనియాలపొడికీ నడుమ తెల్లగా, వాసనా రుచీ లేకుండా కూర్చున్న తమరిని చూస్తే ఎవరైనా అమాయకులనే అనుకుంటారు. టమాటా సూపు చిక్కబడడానికి ఒక్క చెంచా చాలని చెప్పి ఇంట్లోకి వచ్చారు. ఇప్పుడు ఈ ఇంట్లో రొయ్య నలుగురి ముందుకు రావాలంటే తమరి అనుమతి కావాలి.

అదేమన్నా ఊరూపేరూ లేని రొయ్యా? చిలికా రొయ్య. అది దొరకని రోజు గోపాల్‌పూర్ సముద్రపుది. అక్కడి జాలర్లు మాతో తెలుగులోనే బేరమాడతారు, తెలుగులోనే కసురుతారు. ఆ బేరం గెలిచి తెచ్చిన రొయ్యకి మా అత్తగారు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి తప్ప ఇంకేమీ చూపించేవారు కాదు. పావుగంటలో వేపుడు దిగేది, వీధంతా తెలిసేది. మొదటిసారి నేను తమరి ఆధ్వర్యంలో గోల్డెన్ ఫ్రై చేసి పెడితే ఆవిడ పైపొర గోటితో గీకి లోపల వెతుక్కున్నారు. "రొయ్యకి ఇంత దుప్పటి ఎందుకే, జ్వరమా?" అన్నారు.

చైనా వంట అత్తయ్యా, అలాగే ఉండాలి అని చెప్పాను. తరువాత తమరి వంశచరిత్ర తిరగేశాను. మొక్కజొన్న పుట్టింది అమెరికా ఖండంలో. చైనా గడప తొక్కింది 16వ శతాబ్దంలో. అక్కడి వంటవాళ్లకు పెసల నుంచి తీసిన పిండి ఉండనే ఉంది. కార్న్‌ఫ్లోర్ అనే పేరుతో తమరికి పేటెంటు దొరికింది స్కాట్లండ్‌లోని పేజ్లీలో, 1854లో, బ్రౌన్ అండ్ పోల్సన్ వాళ్ల చేతుల మీదుగా. అంటే తమరు చైనావారన్న మాట మా వీధి చివరి బండి మీద ఎర్ర రంగుతో రాసిన బోర్డుకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ బండి మీది చైనా వంట కూడా చైనా నుంచి రాలేదు. కలకత్తా టాంగ్రాలో, తోలు కార్ఖానాల మధ్య స్థిరపడిన హక్కా చైనీయుల వంటిళ్లలో తయారైంది. చికెన్ మంచూరియాకి తండ్రిగా ముంబై వంటవాడు నెల్సన్ వాంగ్ పేరు చెబుతారు, 1975 నాటి సంగతి. హౌరా-చెన్నై రైలు దారిలో పడ్డ ఊరు మాది, ఏ వైపు నుంచి వచ్చిన మోజునీ తప్పించుకోలేం.

తమరి ఘనత కాదనను. తమరిలో గ్లూటెన్ లేదు కాబట్టి మైదాలా సాగరు, నూనెలో పడగానే తడి ఆవిరైపోయి పెళుసుగా గట్టిపడతారు. కానీ ఒంటరిగా నిలబడలేక రాలిపోతారు. అందుకని రెండు పాళ్ల తమరికి ఒక పాలు మైదా తోడు కావాలి, గుడ్డు తెల్లసొన కావాలి, నీళ్లు ఐసులా చల్లగా ఉండాలి. రొయ్య తడిగా ఉంటే అంటుకోరు. కడిగిన రొయ్యల్ని మళ్లీ ఒక్కొక్కటే గుడ్డతో తుడవాలి. వీపు మీది నల్ల పేగు తీయాలి. పొట్ట కింద గాట్లు పెట్టాలి, లేకపోతే వంకర తిరుగుతుంది. హోటల్ మెనూ బొమ్మలో రొయ్య నిటారుగా ఉంది మరి, మా ఇంట్లో వంగితే పరువేం కాను?

నూనె 180 డిగ్రీలు ఉండాలట. మా ఇంట్లో ఉన్న థర్మామీటరు చంకలో పెట్టుకునేది. కాబట్టి పిండి చుక్క వేసి చూస్తాను. బుసబుసమంటూ వెంటనే పైకి తేలితే సరే. తొందరపడి గుప్పెడు వేస్తే నూనె చల్లారి, అది కాస్తా తమరే తాగేస్తారు. అందుకని నాలుగైదు చొప్పున వాయిలు. రెండు మూడు నిమిషాలు దాటితే రొయ్య రబ్బరు. స్క్విడ్‌కి ఆ గడువు కూడా లేదు. తీశాక ఆరనిచ్చి మళ్లీ ఒక అర నిమిషం వేయించాలి. పేపరు మీద పోస్తే కింద ఆవిరి పట్టి అలుగుతారు, జాలీ మీద పరచాలి.

ఇంత సేవ చేయించుకుని తమరు కరకరలాడేది ఎంతసేపు? గట్టిగా పది నిమిషాలు. సాస్‌లో దొర్లిస్తే అదీ లేదు. ఆ పది నిమిషాలూ నేను తరువాతి వాయి దగ్గర చిల్లుల గరిటెతో ఉంటాను. "వదినా, ఇంకో ప్లేటు!" అని మా మరిది హాల్లోంచి కేకేస్తాడు. చివరి వాయి దించి, స్టవ్ కట్టేసి, చెమట తుడుచుకుని నేను వచ్చేసరికి ప్లేటులో మిగిలేది ఉల్లికాడ ముక్కలు, మెత్తబడ్డ తమరు. దీనికి భోజనానికి ముందు సరదా అని పేరు. ఎవరి సరదా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒడియా లెక్కన పున్నమితో ముగిసే కార్తీకం నడుస్తోంది. ఊళ్లో చాలా ఇళ్లలో నీచు లేదు. చివరి ఐదు రోజులు పంచుక, ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని ఇక్కడి మాట. పున్నమి మర్నాడు ఛాడఖాయ్. నెల రోజుల ఆకలితో ఊరు ఊరంతా చేపల బజారు మీద పడుతుంది, రొయ్య ధర ఆకాశంలో ఉంటుంది. ఆ పూట అందరూ మా ఇంటికే వస్తున్నారు, చైనా స్టార్టర్లు కావాలని ముందే కబురు.

తప్పకుండా చేస్తాను, చైనాలోని కాంటన్ పద్ధతిలో. అక్కడి ఉప్పు మిరియాల రొయ్యని పొట్టుతోనే వేయిస్తారు. తమరు పైన పల్చగా, చూపుకి ఆనకుండా అంటుకుంటే చాలు. వేయించాక వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు, మిరియాల పొడితో ఒక్కసారి ఎగరేసి దించడమే. మైదా, ఐసు నీళ్లు, రంగు, గాట్లు ఏమీ లేవు. వంకర తిరిగితే తిరగనీ.

మొదటి వాయి పొయ్యి దగ్గరే నిలబడి నేను తింటాను. హాల్లోంచి ఎవరైనా కేకేస్తే అత్తగారు జవాబు చెబుతారు. రెండో వాయి ఆవిడదని ఒప్పందం అయిపోయింది.

ఇట్లు,
ఇంతవరకు తమరిని కరకరగా ఎరగని
బడాబజారు కోడలు