మహారాజశ్రీ పద్దెనిమిది అంగుళాల చక్రం గారి సముఖమునకు

మహారాజశ్రీ పద్దెనిమిది అంగుళాల అలాయ్ చక్రం గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, కుశలమంతా మీ వైపే ఉన్నట్టు కనిపిస్తోంది. మీరు నిగనిగలాడుతున్నారు. ఇవతల టన్నుకు కాస్త అటూ ఇటూ తూగే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మాత్రం తమరు వేంచేసినప్పటి నుంచి రోడ్డు మీద ప్రతి అతుకుకీ ఉలిక్కిపడుతోంది. ఫెండర్ (చక్రం మీద కప్పే రేకు) ఖాళీని మీరు ఎంత నిండుగా పూరిస్తారో అందరూ చెప్పుకుంటారు, నిజమే. ఫొటోలో మీకు తిరుగులేదు. తిరగాల్సి వచ్చినప్పుడే చిక్కంతా.

మీరు దిగిన ఇల్లు ఎలాంటిదో ముందు తెలుసుకోవాలి. 1989లో వచ్చిన మొదటి మాజ్దా ఎంఎక్స్-5 పద్నాలుగు అంగుళాల రిమ్ముల మీద, 185/60 టైర్లతో నడిచింది. 1996 నాటి లోటస్ ఎలీస్ బరువు సుమారు 725 కిలోలు, చక్రాలు ముందు పదిహేను, వెనుక పదహారు అంగుళాలు. 2015లో నాలుగో తరం ఎంఎక్స్-5 చేసినప్పుడు మాజ్దా వాళ్లు చక్రానికి ఐదు బోల్టులున్న చోట మళ్లీ నాలుగుకి దిగారు. నట్టు బరువు దగ్గర కూడా పిసినారితనం చూపించిన ఇంటికి తమరు రిమ్ముకి మూడు, టైరుకి ఒకటి, వెరసి చక్రానికి నాలుగు కిలోల అదనపు సామానుతో దిగారు. అదీ నలుగురు కలిసి.

ఇక్కడ మీకు న్యాయమే చేస్తాను. మీ మీద ఒక పుకారు ఉంది: సస్పెన్షన్ స్ప్రింగు కింద (చక్రాల వైపు) పెరిగే ఒక్క కిలో, పైన (కారు ఒంట్లో) పెరిగే పది కిలోలతో సమానమని. అంత లేదు. వేగం పుంజుకోవడం వరకే చూస్తే, చక్రంలో ఉన్న కిలో ఎంత బయటి అంచున తిరిగినా రెండు కిలోల లెక్కకి మించదు. రిమ్ము అంచున ఉంటే ఒకటిన్నర, నేలని తాకే టైరు ట్రెడ్ దగ్గరైతే రెండుకి కాస్త తక్కువ. అంటే నలుగురు కలిసి తెచ్చిన పదహారు కిలోలు పరుగులో మహా అయితే పాతికలా పనిచేస్తాయి. డ్రైవర్ పక్కన ఒక సూట్‌కేసు పెట్టినట్టు. స్టాప్‌వాచీకి తెలుస్తుంది, నడుముకి తెలియదు.

నడుముకి తెలిసేది వేరే ఉంది. టన్ను కారులో ఒక్కో మూలన చక్రం, టైరు, చక్రాన్ని బిగించే హబ్, బ్రేకు కలిపి ముప్ఫైమూడు కిలోలు, పైన స్ప్రింగు మోసేది రెండువందల ముప్ఫై అనుకుందాం. ఒకటికి ఏడు. రెండు టన్నుల కారులో అదే మూలన యాభైకి నాలుగువందల యాభై, ఒకటికి తొమ్మిది. మీరు నాలుగు కిలోలు పెరిగినా ఆ బరువు కారు ఒకటికి ఎనిమిది దగ్గర నిలబడుతుంది. తేలిక కారు మీరు రాకముందే ఏడు దగ్గర ఉండి, మీ రాకతో ఆరుకి జారుతుంది. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం ఎగురుడు కారుకి అంత ఎక్కువ తగులుతుంది. పెద్ద సెడాన్ కింద మీ దర్జా చూసి ‘అక్కడ బాగానే ఉందిగా’ అనేవాళ్లకి ఈ భాగహారం ఒక్కటి చేసి చూపిస్తే చాలు. చక్రం సెకనుకు పది పదిహేను సార్లు ఎగిరిపడే స్వభావం గలది. ఆ ఎగురుడు అణచడానికి షాక్ అబ్సార్బర్‌ని పాత బరువుకి సరిపోయేలా తయారుచేశారు. బరువు పెరిగాక అది ఒకసారి అణచాల్సిన చోట రెండుసార్లు ఊగనిస్తుంది. మలుపు మధ్యలో చిన్న చిన్న అలలున్న రోడ్డు తగిలితే కారు వెనుక భాగం అడుగులో అడుగు వేస్తూ బయటికి జరుగుతుంది. ఆ క్షణంలో టైరు నేలని సగం సేపే పట్టుకుని ఉంటుంది.

తమరి ఎత్తు సంగతి. 205/45 ఆర్ 17 టైరుని తీసుకుందాం: వెడల్పు 205 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు అందులో నలభైఐదు శాతం, రిమ్ము పదిహేడు అంగుళాలు. 205లో నలభైఐదు శాతం 92.25 మి.మీ., రెండు వైపులా కలిపి 184.5, రిమ్ము 431.8, మొత్తం వ్యాసం 616.3. మీకు 215/40 తొడిగితే 629.2 అవుతుంది, రెండు శాతం ఎక్కువ. పర్లేదనిపిస్తుంది. కానీ అదే కారు పదహారు అంగుళాల 195/50తో వచ్చి ఉంటే దాని అసలు వ్యాసం 601.4, తేడా 4.6 శాతం. (పోలిక ఎప్పుడూ మన కారుతో వచ్చిన సైజుతోనే, పక్కింటి వేరియంట్‌తో కాదు.) గేర్లన్నీ అంతమేర బద్ధకిస్తాయి. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన చెబుతుంది. అందుకే కంపెనీలు దాన్ని కాస్త ఎక్కువే చూపేలా పెడతాయి. ఆ కాస్తనీ మీరు మింగేస్తారు.

సరే, ఎత్తు పెరగకూడదని 215/35 వేస్తే వ్యాసం 607.7 దగ్గర సర్దుకుంటుంది. అప్పుడు సైడ్‌వాల్ 75 మి.మీ. మిగులుతుంది. పదహారులో అది 97.5. ఆ పోయిన 22 మి.మీ. గాలి, రబ్బరే తేలిక కారుకి మొదటి స్ప్రింగు. గుంత అంచు తగిలినప్పుడు రిమ్ము పెదవి వంగుతుంది, లేదా రిమ్ముకీ గుంతకీ మధ్య సైడ్‌వాల్ నలిగి లోపలి దారాలు తెగుతాయి. మర్నాడు అక్కడ కోడిగుడ్డంత ఉబ్బు. దానికి ప్యాచీ లేదు, టైరు మార్చడమే.

అసలు తగాదా ఎత్తుతో కంటే మీ నిలబడే తీరుతో, అంటే ఆఫ్‌సెట్‌తో (రిమ్ము నడిగీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో ఆ లెక్క). కంపెనీ రిమ్ము 17 బై 7 (వ్యాసం, వెడల్పు అంగుళాల్లో), ఆఫ్‌సెట్ ప్లస్ 45. మీరు 18 బై 8, ప్లస్ 35. ఏడు అంగుళాల్లో సగం 88.9 మి.మీ.; దానికి 45 కలిపితే హబ్ నుంచి లోపలి అంచు 133.9, తీసేస్తే బయటి అంచు 43.9. మీకు సగం 101.6. లోపల 136.6, బయట 66.6. అంటే సస్పెన్షన్ వైపు మూడు మిల్లీమీటర్లు కూడా జరగని మహానుభావులు ఫెండర్ వైపు 22.7 మి.మీ. ముందుకొచ్చారు. పైగా టైరు మధ్యగీత పది మి.మీ. బయటికి పోయింది, కాబట్టి హబ్ బేరింగు మీద మెలి పెరుగుతుంది. ఒక ముందు చక్రం తడి మీద, ఇంకొకటి పొడి మీద ఉండగా బ్రేకు వేస్తే స్టీరింగు చేతిలోంచి లాక్కుంటుంది. రోడ్డు మీద గాడి పడి ఉంటే దాని వెంటే పోతుంది. ఈ కూడికలు, తీసివేతలు రాని ‘ఫిట్ అవుతుంది సార్’ అనే మాటకి విలువ లేదు.

లెక్క కుదిరాక కూడా కొలిచి చూడాల్సిందే. కారుని స్టాండ్ల మీద పెట్టి, ఒక మూలన స్ప్రింగు తీసేసి, చక్రం బిగించి, సస్పెన్షన్ కింది ఆర్మ్‌ని జాకీతో బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే దిమ్మ) నలిగేదాకా లేపాలి. ఆ స్థితిలో స్టీరింగుని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాలి. ఫెండర్ లోపలి మడతకి ఒక మెత్తటి మట్టి ముద్ద అంటిస్తే టైరు ఎక్కడ, ఎంత లోతుగా తగులుతోందో అదే చెబుతుంది. నేల మీద నిలబెట్టి రెండు వేళ్లు దూర్చి చూసి ‘ఖాళీ ఉంది’ అనేవాళ్లకి మొదటి స్పీడ్ బ్రేకర్ సమాధానం చెబుతుంది, అదీ పెయింటు ఖర్చుతో. మడతని రోలర్‌తో వంచాలనుకుంటే ముందు పెయింటుని హీట్ గన్‌తో వెచ్చబెట్టాలి. చల్లగా వంచితే బీటలిస్తుంది.

వెడల్పు కూడా మీ వంశంలో ఒక జబ్బు. తేలిక కారుకి 225, 235 టైర్లు వేస్తే పట్టు అమాంతం పెరుగుతుందని నమ్మకం. నేలని తాకే విస్తీర్ణాన్ని ఎక్కువగా నిర్ణయించేది మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి. వెడల్పు పెంచితే ఆ ముద్ర అడ్డంగా సాగి, పొడవు తగ్గుతుంది. అంత రబ్బరుని వేడెక్కించే బరువు ఈ కారులో లేదు. వానలో ఆ వెడల్పే నీటి మీద తేలిపోతుంది. 205 దగ్గర ఆగడం పిరికితనం కాదు.

మీకు న్యాయంగా దక్కే హక్కు ఒకటే: బ్రేకు. పెద్ద డిస్కు, దాన్ని నొక్కి పట్టే లావు కాలిపర్ పెట్టి, పదహారులో అది పట్టకపోతే పదిహేడు రావాలి, దానికీ చాలకపోతే మీరు రావాలి. ఆ వరసలో వస్తే స్వాగతం. కాలిపర్ ఆకారాన్ని అట్టముక్క మీద కత్తిరించి రిమ్ము లోపల పెట్టి చూస్తే, స్పోక్‌కీ దానికీ కనీసం మూడు మి.మీ. మిగలాలి. కొలిచేది స్పోక్ వంపు దగ్గర, బ్యారెల్ (రిమ్ము లోపలి గొట్టం) దగ్గర విడివిడిగా. పద్దెనిమిది అంగుళాలున్నా స్పోకులు తిన్నగా ఉంటే లావు కాలిపర్ తగులుతుంది, పదిహేడులో స్పోకులు బయటికి వంగి ఉంటే దాటిపోతుంది. వ్యాసం పెద్దదైనంత మాత్రాన ఈ పని జరగదు.

పుట్టుక గురించి అడిగితే నొచ్చుకోకండి. కరిగించి అచ్చులో పోసినవారు ఒకరు, పోశాక బ్యారెల్‌ని రోలర్ల కింద తిప్పి పలచగా సాగదీసిన ఫ్లో ఫార్మింగ్ వారు ఇంకొకరు, దిమ్మెని వేల టన్నుల ఒత్తిడితో నొక్కి చేసిన ఫోర్జ్‌డ్ వారు మూడోవారు. 1996లో రేస్ (Rays) అనే జపాన్ చక్రాల కంపెనీ వాళ్లు తమ ఫోర్జ్‌డ్ చక్రానికి టీఈ37 అని పేరు పెట్టినప్పుడు ఆ 37కి కారణం, పదిహేను బై ఆరు సైజు 3.7 కిలోలే తూగడం. తమరు పోత పోసిన పెద్దమనుషులైతే పది కిలోలు దాటడం మామూలే. లోపలి వైపు జేడబ్ల్యూఎల్ (జపాన్ అలాయ్ చక్రాల ప్రమాణం), వీఐఏ (దాని ప్రకారం పరీక్షించారనే గుర్తు) ముద్రలు ఉన్నాయో లేదో చూడాలి, ముద్ర కూడా నకలు కావచ్చు కాబట్టి అమ్మేవాడి దగ్గర పరీక్ష పత్రం అడగాలి. తేలికగా ఉండటానికి అంచు మరీ పలచగా చేసిన చవకరకం మొదటి గుంతకే చతికిలబడుతుంది.

ఇక బిగించడం. నాలుగు బోల్టుల ఎంఎక్స్-5 హబ్ 54.1 మి.మీ., మీ మధ్య రంధ్రం చాలాసార్లు 73.1, అందరి ఇంటికీ సరిపోయేలా. మధ్యలో రింగు లేకుండా వేస్తే వంద కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగు వణకవచ్చు. ఎన్నిసార్లు బాలెన్సింగ్ చేయించినా పోదు, ఎందుకంటే యంత్రం మిమ్మల్ని తన కోన్ మీద నడిమధ్యన కూర్చోబెడుతుంది, కారు అలా కూర్చోబెట్టదు. నట్టు అరవై డిగ్రీల కోన్ అయి, అది కూర్చునే మీ సీటు గుండ్రటిదైతే తాకేది ఒక గీత మాత్రమే, వదులైపోతుంది. టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో చెప్పినంత, ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. కొత్త పెయింటు నలిగి అక్కడ పట్టు సడలుతుంది. హబ్‌కీ రిమ్ముకీ మధ్య స్పేసర్ (బిళ్ల) వేస్తే నట్టు కనీసం స్టడ్ (హబ్ నుంచి పొడుచుకొచ్చే మరల కడ్డీ) లావంత లోతుకి ఎక్కాలి. 12 మి.మీ. స్టడ్, 1.5 పిచ్ అంటే ఎనిమిది పూర్తి చుట్లు. ఆరు చుట్లకే ఆగితే స్పేసర్ తీసేయండి.

కనుక మా మనవి: పదిహేడు బై ఏడున్నర, ప్లస్ 45, ఏడు కిలోల చుట్టుపక్కల తూగే మీ తమ్ముడిని పంపండి. బ్రేకు ఒప్పుకుంటే పదహారు అంగుళాల చిన్నోడైతే మరీ సంతోషం. మీరు ఎస్‌యూవీ గారింట్లో సుఖంగా ఉండవచ్చు.

ఇట్లు,
తేలిక కారు తరఫువారు

తా.క. బాలెన్సింగ్‌కి లోపల అంటించే సీసం ముక్క మందం నాలుగైదు మి.మీ. కాలిపర్‌కీ మీ బ్యారెల్‌కీ మధ్య మూడు మి.మీ. మిగిలిందని సంబరపడి, ఆ ముక్కని సరిగ్గా కాలిపర్ ఎదుట తిరిగే వరసలో అంటిస్తుంటారు. మొదటి చుట్టులో గరగరమంటుంది, కాసేపటికి శబ్దం ఆగిపోతుంది. సర్దుకుందనుకోకండి, ముక్క ఊడి రోడ్డు మీద పడింది.