మీ సైజు లేదక్కా!

దసరా దగ్గర పడిందంటే చాలు, హన్మకొండ చౌరస్తా నుంచి ములుగు రోడ్డు దాకా ఎటు తలెత్తినా పట్టుచీర కట్టుకున్న ఒకే అమ్మాయి కనిపిస్తుంది. షాపు పేరు మారుతుంది, చీర రంగు మారుతుంది, ఆ నడుము మాత్రం మారదు. ఆ హోర్డింగుల కింద నుంచే ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడికి, సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు వేలమంది ఆడవాళ్లు బతుకమ్మలెత్తుకుని నడుస్తారు. బక్కపలచని వాళ్లుంటారు, బొద్దుగా ఉన్నవాళ్లుంటారు, ఇద్దరు పిల్లల తల్లులుంటారు, మోకాళ్లు పట్టుకుని నడిచే అమ్మమ్మలుంటారు. పండగ బట్టలకు డబ్బులు పెట్టేది వీళ్లే. పైన ఫ్లెక్సీలో వీళ్లలాంటి మనిషి ఒక్కరూ ఉండరు.

ప్రకటన అన్నాక కొంత డాబు ఉంటుందిలే అని వదిలేయొచ్చు. మేం వదలడం లేదు. ఎందుకంటే అసలు దెబ్బ హోర్డింగ్ దగ్గర కాదు, షాపు లోపలికి పోయాక తగులుతుంది. కుర్తీల సెక్షన్‌లో ఎస్ నుంచి ఎక్సెల్ దాకా రంగురంగులవి హ్యాంగర్లకు వేలాడుతుంటాయి. త్రీ ఎక్సెల్ అడిగితే సేల్స్‌గర్ల్ ఒకసారి పైనుంచి కిందికి చూసి "మీ సైజు లేదక్కా" అంటుంది, లేదంటే కింది అరలోంచి మడతపెట్టిన నాలుగు కుర్తీలు తీసి ముందు పెడుతుంది. నలుపు, నేవీ బ్లూ, మెరూన్, మళ్లీ నలుపు. దొడ్డుగా ఉన్నవాళ్లకు పసుపు, గులాబీ నచ్చవని ఎవరు చెప్పారో! ఆ అమ్మాయిని అని లాభం లేదు, రోజంతా నిలబడి ఓనర్ తెప్పించిందే అమ్ముతుంది. బయటికొస్తూ అద్దాల్లో నిలబెట్టిన బొమ్మ వీపు వైపు ఓసారి చూడండి. వేసిన కుర్తీని వెనక నుంచి గుంజి క్లిప్పులు పెట్టి ఉంటారు. అంటే ఆ కుర్తీ ఆ బొమ్మకు కూడా సరిపోలేదు, కానీ దానికి ఒళ్లు తగ్గించుకోమని ఎవరూ చెప్పరు.

ఈ సైజులకు ఒక పద్ధతంటూ ఉందా అంటే అదీ లేదు. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ డబుల్ ఎక్సెల్‌తో సమానం. మన ఒళ్లకు తగిన సైజుల చార్టు తయారు చేయడానికి కేంద్ర జౌళి శాఖ, ఫ్యాషన్ చదువులు చెప్పే జాతీయ సంస్థ నిఫ్ట్ కలిసి 'ఇండియా సైజ్' సర్వే పెట్టి, హైదరాబాద్‌తో కలిపి ఆరు నగరాల్లో 25 వేల మందికి పైగా కొలతలు తీసే పని పెట్టుకున్నాయి. ఇటు మన గీసుగొండ, సంగెం పక్కన 2017లో శంకుస్థాపన చేసిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కైటెక్స్, యంగ్‌వన్ లాంటి ఎగుమతి కంపెనీలు వచ్చాయి. పరాయి దేశాల వాళ్ల కొలతలకు బట్టలు కుట్టే పని మన దగ్గరికొచ్చింది, సంతోషమే. ఆ పార్కులో పనికెళ్లే ఆడమనిషి వరంగల్ బజార్లో తనకు పట్టే కుర్తీ దొరక్క తిరగడమేంటి?

చేయాలనుకుంటే ఇది పెద్ద పనేం కాదు. సర్కారు బతుకమ్మ చీరలు పంచిన రోజుల్లో వాటి నాణ్యత మీద ఎన్ని తిట్లు పడ్డా ఒక మంచి పని జరిగింది. ఎక్కువమందికి 6.30 మీటర్ల చీరలైతే, పాత పద్ధతిలో కట్టుకునే ముసలవ్వల కోసం సిరిసిల్లలో 9 మీటర్లవి వేరేగా నేయించారు. కట్టుకునే మనిషి ఎవరని ముందు అడిగారు. మన గల్లీల్లోని లేడీస్ టైలర్లు ఎప్పటి నుంచో చేస్తున్నదీ అదే. ఆది జాకెట్ పక్కన పెట్టుకుని, చంక దగ్గర ఎక్కడ పట్టేస్తోందో అడిగి, రేపు కాస్త ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని లోపల రెండు వేళ్ల బట్ట వదిలి కుడతారు. ఆ జ్ఞానం పెద్ద షోరూములకు ఎందుకు రాలేదో మాకర్థం కాదు.

ప్లస్ సైజ్ ఫ్యాషన్ వచ్చిందిగా అంటారు. వచ్చింది. లాక్మే ఫ్యాషన్ వీక్‌లో 2016లోనే ప్లస్ సైజ్ మోడళ్లు ర్యాంప్ మీద నడిచారు, ఫోన్లో వెతికితే ఫైవ్ ఎక్సెల్ దాకా దొరుకుతాయి. కానీ ఆ ప్రకటనల్లో మోడల్‌ను చూడండి: లావు ఉంటుంది, పొట్ట మాత్రం ఉండదు, గదమ కింద మడత ఉండదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. సరిగ్గా ఆ కుట్టు ఉన్న చోటే లెగ్గింగ్ ఎలాస్టిక్ ఒరుసుకుంటుంటే ఆ తల్లికి కావాల్సింది మెత్తటి, పై నడుము దాకా వచ్చే బెల్టున్న ప్యాంటు. దాని ప్రకటన మాకు ఎక్కడా కనిపించలేదు. 'డెలివరీ పొట్ట మాయం' అనేవి మాత్రం కొల్లలు.

"అయితే లావును మెచ్చుకోమంటారా? షుగర్, బీపీ మాటేంటి?" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. అదే సర్వేలో రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 30 శాతం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు, సగానికి పైగా మందికి రక్తహీనత ఉంది. ఇవి డాక్టర్ దగ్గర మాట్లాడాల్సిన సంగతులు, ట్రయల్ రూమ్ ముందు కాదు. పైగా భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే నాలుగు రౌండ్లు నడవాలన్నా ముందు ఒంటికి పట్టే ట్రాక్ ప్యాంటు ఉండాలి కదా.

ఈ సన్న నడుము మోజు టీవీలతో వచ్చిందని, మన సంప్రదాయంలో లేదని అనేవాళ్లు రామప్ప గుడికి వెళ్లి ఎనిమిది వందల ఏళ్ల నాటి మదనిక శిల్పాల నడుములు చూసి రావాలి. మోజు పాతదే. కాకపోతే ఆ శిల్పి ఎవరికీ ఒళ్లు తగ్గించే పొడి డబ్బాలు అమ్మలేదు.

అమ్మేవాళ్ల సంగతికొద్దాం. కరెంటు స్తంభాలకు, ఆటోల వెనక 'నెలలో 10 కిలోలు గ్యారంటీ' అని అంటించే కాగితాలున్నాయే, లావు తగ్గించే మందులంటూ అలా ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందే నేరం. ఆ చట్టం జాబితాలో ఊబకాయం పేరు ఉంది, స్త్రీల రొమ్ముల ఆకృతి పేరూ ఉంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. ఇక పెద్ద బ్రాండ్ల కోసం ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఫలానా ఒంటి తీరు ఉంటేనే సంతోషం అన్నట్టు చూపించొద్దంది. అది ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న నియమం కాబట్టి దాని పళ్లెంత పదునో వేరే చెప్పక్కర్లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకైతే 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది, 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

పత్రికలు బతికేదీ ప్రకటనల మీదే, మాకూ అది తెలుసు. అయినా అడుగుతున్నాం. బట్టల షాపుల వాళ్లు ఈ దసరాకు త్రీ ఎక్సెల్, ఫోర్ ఎక్సెల్ కుర్తీలను కింది అరలోంచి తీసి, అన్ని రంగుల్లో, అదే రేటుకు, మిగతా వాటి పక్కనే వేలాడదీయాలి. ఫ్లెక్సీలో ఒక్కసారైనా మన ఊరి ఒళ్లను చూపించాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆ గ్యారంటీ కాగితాల మీద ఉన్న నంబర్లకు ఫోన్లు కలపాలి, వెతకాల్సిన పని కూడా లేదు, అక్షరాలు అంతంత పెద్దవి. ఇక హోర్డింగుల మీద ఉన్న అలాంటి ప్రకటనలకు అనుమతిచ్చి ఫీజు తీసుకున్నది గ్రేటర్ వరంగల్ కార్పొరేషనే కాబట్టి, ఆ బోర్డు ఎవరిదో తెలియదని అక్కడెవరూ చెప్పలేరు.