మహారాజశ్రీ 1.00 గారికి

మహారాజశ్రీ బీయూ-జీయూ నిష్పత్తి గారికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. రెసిపీ యాప్‌లో బీరు చేదుని గ్రావిటీతో, అంటే చక్కెర చిక్కదనంతో, భాగించి చూపే పచ్చరంగు గడిలో తమరూ క్షేమమేనని తలుస్తాను. తమకేం, ఎవరు తాగి మొహం చిట్లించినా తమ 1.00 మీద ఈగ వాలదు.

నిన్న మధ్యాహ్నం మా ఇంట్లో ఏం జరిగిందో తమరి దాకా వచ్చిందో లేదో. డాలస్ నుంచి మా బావ తను కాచిన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు) సీసాలు మోసుకొచ్చాడు. చొక్కాల్లో చుట్టి, పైన మా అక్క పట్టుచీరలు కప్పి మరీ తెచ్చాడు. పెరుగు గిన్నె బయట పెట్టి వాటికి ఫ్రిజ్‌లో చోటు చేశాం. ఆదివారం భోజనానికి ముందు మేడ మీద గదిలో ఏసీ వేసుకుని, బాబాయిని పిలిచి, గ్లాసులు తుడిచి, నేను చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. "చేదు డెబ్బై, గ్రావిటీ డెబ్బై, నిష్పత్తి సరిగ్గా ఒకటి. ఇంతకంటే సమతూకం ఉండదు బాబాయ్" అని. బాబాయి ఒక గుక్క తీసుకున్నాడు. మింగాలా వద్దా అన్నట్టు కాసేపు బుగ్గలోనే ఉంచుకున్నాడు. మింగాక అడిగాడు:

"ఏరా, పానకంలో వేపాకు నూరి పోశారా?"

మంగళగిరి పానకాల స్వామి అయినా సగం తాగి సగం వదులుతాడు. మా బాబాయి గ్లాసు గ్లాసంతా వదిలేసి, కిందికెళ్ళి మజ్జిగ తాగాడు. అప్పుడే కరెంటు కూడా పోయింది. అది తమ తప్పు కాదు కాబట్టి దాని గురించి రాయను.

మా ఏర్పాటు తమకు తెలియంది కాదు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే ఎక్సైజ్ వాళ్ళొచ్చి కూర్చుంటారు. అక్కడైతే 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు. అందుకని వంట బావది, లెక్క నాది. బావ గ్యారేజ్‌లో కుండ ముందు నిలబడి వీడియో కాల్ చేస్తాడు, నేనిక్కడ నిద్రకళ్ళతో తమరిని సంప్రదిస్తాను.

పోయినేడాది కాచినది నిజంగా బాగుంది. నేను డాలస్ వెళ్ళినప్పుడు స్వయంగా తాగాను. ఒరిజినల్ గ్రావిటీ 1.050, చేదు 50 ఐబీయూ. అంటే చేదు యాభైని, 1.050లోని చివరి యాభై పాయింట్లతో భాగిస్తే తమరు. చేదు నాలుక మీద నిలబడి, మర్యాదగా తప్పుకునేది. బావకి మాత్రం ఒకటే వెలితి. "బాగుందిరా, కానీ కిక్కు లేదు. ఈసారి 1.070 కొడదాం" అన్నాడు. చేదెంత పెంచాలని తమర్ని అడిగాను. తమరు క్షణం ఆలోచించకుండా 70 అన్నారు. 1996లో రే డేనియల్స్ పుస్తకంతో పేరుకెక్కినప్పటి నుంచీ ప్రపంచంలో ఇంట్లో బీరు కాచేవాళ్ళంతా తమరి మాట మీద నడుస్తున్నారు, మేమెంత?

నిష్పత్తి అదే కదా, బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వులు కూడా అదే లెక్కన పెరుగుతాయిలే అనుకుంటారు ఎవరైనా. పెరగవు. వర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం, మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ) చిక్కబడేకొద్దీ హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు చేదుగా మారి అందులో దిగడం తగ్గుతుంది. టిన్‌సెత్ సూత్రం ప్రకారం గంటసేపు మరిగించిన హాప్స్ నుంచి 1.050 వర్ట్‌లోకి 23 శాతం దిగితే, 1.070లోకి 19 శాతమే దిగుతుంది. ఇరవై లీటర్లకి, పన్నెండు శాతం ఆల్ఫా ఉన్న హాప్స్‌తో 50 ఐబీయూ రావాలంటే 36 గ్రాములు చాలు. తమరడిగిన 70 రావాలంటే 60 గ్రాములు పొయ్యాలి. గ్రావిటీ నలభై శాతం పెరిగితే హాప్స్ మూడింట రెండొంతులు పెరిగాయి. ఇందులో పసరు ఎంత, డబ్బులెంత అన్నది తమరు పట్టించుకునే విషయం కాదు, సరే.

అసలు విషయానికి వస్తాను. తమరు ఒరిజినల్ గ్రావిటీని చూస్తారు. అంటే ఈస్ట్ ఇంకా నోరు పెట్టకముందు కుండలో చక్కెర ఎంతుందో అది. అయ్యా, ఆ కుండలోది ఎవరు తాగుతారు? తాగేది ఈస్ట్ తినగా మిగిలింది. ఆ మిగిలినదాన్ని కొలిచే అంకెకి ఫైనల్ గ్రావిటీ అని పేరు కూడా ఉంది. తమరి లెక్కలో దానికి చోటే లేదు. పైనా లేదు, కిందా లేదు.

ఇక 'తమరు' అనడం నా వల్ల కాదు.

నువ్వు విను. మొదటి బీరు 1.050 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగింది. చేదు 50, మిగిలింది 10. ఒక పాయింటుకి అయిదు వంతుల చేదు. రెండోది 1.070 నుంచి 1.020 దాకా వచ్చి అక్కడ చతికిలబడింది. చేదు 70, మిగిలింది 20. పాయింటుకి మూడున్నర. చంటిపిల్లాడి నోట్లో వేసినా ఈ రెండూ ఒకటి కాదంటాడు. నువ్వు మాత్రం రెండింటి మీదా 1.00 అని ముద్ర కొట్టి పచ్చరంగు వేశావు. ఎందుకు చతికిలబడిందో ఒక్కసారైనా అడిగావా? బావ మాల్ట్ పెంచినప్పుడు ఈస్ట్ పూర్తిగా తినలేని తీపి మిగిల్చే క్రిస్టల్ మాల్ట్ కూడా అదే పాళ్ళలో పెంచాడు. మాష్, అంటే మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెట్టడం, 69 డిగ్రీల దగ్గర ఉంచాడు. ఆ వేడిలో ఈస్ట్‌కి అరగని చక్కెరలు ఎక్కువ తయారవుతాయి, 65 దగ్గర ఉంచితే అరిగేవి ఎక్కువ. ఇంత చిక్కటి వర్ట్‌లోకి ఈస్ట్ మాత్రం అదే 11.5 గ్రాముల ప్యాకెట్ ఒక్కటే. పని పెరిగింది, చేసేవాళ్ళు పెరగలేదు. ఈ మూడు సంగతుల్లో ఒక్కటీ నీ గడిలో పట్టదు.

ఇంతా చేస్తే కిక్కైనా వచ్చిందా? మొదటిదాని లాగే ఎనభై శాతం పులిసి ఉంటే 1.014కి దిగి 7.3 శాతం ఆల్కహాల్ వచ్చేది. వచ్చింది 6.6. కిక్కు కోసమని పోసిన మాల్ట్‌లో కొంత కిక్కు కాకుండా తీపిగానే ఉండిపోయింది. పైగా గ్యారేజ్‌లో ముప్ఫై డిగ్రీల్లో పులిసింది కాబట్టి ఫ్యూజెల్ ఆల్కహాల్స్ పుట్టి గొంతులో మంట. మా బాబాయికి బీరంటే రెండే రకాలు, షాపు కౌంటర్ దగ్గర అడిగే లైటు, స్ట్రాంగు. ఈ మంట చూసి "ఇది స్ట్రాంగే" అని తీర్పిచ్చాడు. ఇక్కడ షాపులో దొరికే స్ట్రాంగ్ బీరులో 8 శాతం దాకా ఉంటుందని, ఇది దానికంటే తక్కువేనని చెప్తే నమ్మలేదు. నేను బాబాయి అయినా నమ్మను.

దీనికి బావ కనిపెట్టిన మందు ఏంటో తెలుసా? "తీపి ఎక్కువైంది కదరా, చేదు తొంభై చేద్దాం." నిన్ను అడిగాడు కూడా. నువ్వు 1.29 అని ఎర్రబడ్డావు తప్ప, ఒరేయ్ అబ్బాయ్, తీపి మీద చేదు పోస్తే తీపి పోదు, రెండూ కలిసి అరుస్తాయి, ముందు ఆ తీపి సంగతి చూడు అని ఒక్క ముక్క చెప్పలేదు. తీపి తగ్గించాలంటే మాల్ట్ కొంత తీసేసి అరకిలో లోపు పంచదార వెయ్యాలి. ఈస్ట్ దాన్ని మొత్తం తినేస్తుంది, బీరు పల్చబడి చేదు తేటగా తెలుస్తుంది. పంచదార వేస్తే తీపి తగ్గుతుందని మా అక్కకి చెప్పి ఒప్పించడానికి ఒక పూట పట్టింది. నీకైతే ఎన్ని పూటలు చెప్పినా ఒకటే, మాల్ట్ నుంచి వచ్చినా పంచదార నుంచి వచ్చినా నీకు గ్రావిటీ గ్రావిటీనే.

నీ బంధువుల గురించి కూడా రెండు ముక్కలు. ఐబీయూ అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లం అంటారు. ల్యాబ్‌లో దాన్ని ఐసో-ఆక్టేన్‌లోకి లాగి 275 నానోమీటర్ల కాంతిలో కొలుస్తారు. మన గ్యారేజ్‌లో కొలిచేది ఎవరు? టిన్‌సెత్ ఒక అంకె చెప్తాడు, రేజర్ అనే ఇంకొకాయన సూత్రం ఇంకోటి చెప్తుంది, నీకు ఏదిచ్చినా మింగేస్తావు. వర్ట్ చల్లారి పులిసేటప్పుడు డ్రై హాపింగ్ అని గుప్పెళ్ళ కొద్దీ వేసినదాని నుంచీ నాలుకకి చేదు తగులుతుంది, నీ దృష్టిలో అది సున్నా. నీళ్ళలో జిప్సం ఎక్కువైతే అదే చేదు పదునెక్కుతుంది, అదీ నీకు పట్టదు. ఇక ఐపీఏ పేరులో ఉన్న ఆ ఇండియా. ఓడలో మన దాకా రావడానికే దాన్ని అంత ఘాటుగా కాచారని బావ ప్రతి పార్టీలో చెప్పే కథ. ఆ రోజుల్లో ఇంగ్లండులో దానికంటే ఘాటైన బీర్లు బోలెడు. పేరు మనది, దాన్ని ఇంట్లో కాచే హక్కు మాత్రం డాలస్ వాళ్ళది.

అలాగని నిన్ను చెత్తబుట్టలో వెయ్యలేను, అదే నా ఖర్మ. నువ్వు రాకముందు మా బావ ఐబీయూ ఒక్కటే చూసేవాడు. 40 ఐబీయూ అన్నది 1.040 బీరులో గట్టి చేదు అని, 1.085 బీరులో అది ఉందో లేదో కూడా తెలియదని వాడికి ఎక్కించింది నువ్వే. ఆ మాత్రం తెలివి చాలామంది అల్లుళ్ళకి ఇంకా రాలేదు.

బావ ఈ వారంలోనే ఫ్లైటెక్కుతున్నాడు. కొత్త షీటు రాసిచ్చాను. మొదటి గడిలో ఫైనల్ గ్రావిటీ 1.011. దాని కింద మాష్ 65 డిగ్రీలు. ఆ కింద ఈస్ట్ రెండు ప్యాకెట్లు, పులిసేది 20 డిగ్రీల్లో, గ్యారేజ్‌లో కాదు ఇంట్లో, ఈ విషయం అక్కతో నువ్వే మాట్లాడుకో బావా అని బ్రాకెట్లో. ఒరిజినల్ గ్రావిటీ 1.065, చేదు 60 చుట్టుపక్కల. నువ్వు అట్టడుగున ఉన్నావు, హాప్స్ ధర కింద, పెన్సిల్‌తో. నువ్వు 0.92 అయినా 0.97 అయినా బావ నాకు ఫోన్ చెయ్యకూడదని కూడా రాశాను.

ఇట్లు,
లెక్కల శాఖ బావమరిది,
సత్యనారాయణపురం, విజయవాడ