లెక్కగీత గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లెక్కగీత గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఉత్తరమన్నాక అలా రాయాలి కాబట్టి రాశాను గానీ, నా కుశలం తమరికి పట్టదని నాకు తెలుసు. తమరు ఒక నిలువు గీత. అరంగుళం పొడవు. అమెరికా సెనేటర్ గారి కార్యాలయంలో ఫోను ఎత్తే కుర్రవాడి ముందున్న కాగితం తమరి నివాసం. నేను అరగంట సాధన చేసి, గొంతు సవరించుకుని, గుండె చిక్కబట్టుకుని ఓ బిల్లు గురించి ఫోనులో చెప్పుకున్నదంతా చివరికి తమరి రూపం దాలుస్తుంది.

ఈ రహస్యం 2019 దాకా నాకు తెలియదు. తెలిసినవారి అబ్బాయి ఒకడు అలాంటి కార్యాలయంలోనే ఓ వేసవి ఇంటర్న్‌గా వెలగబెట్టి వచ్చి చెప్పాడు. "అంకుల్, మీరు ఎంత చెప్పినా మేము చూసేది మూడే. ఏ జిప్ కోడ్, ఏ బిల్లు, అనుకూలమా వ్యతిరేకమా. ఓ గీత గీసేస్తాం. సాయంత్రం లెక్కపెట్టి పైకి పంపిస్తాం."

"మరి నా కథ?" అన్నాను. వాడు జాలిగా చూశాడు.

ఆ కథ తమరైనా వినండి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి లక్షా 40 వేలని 1990 నాటి చట్టం గిరి గీసింది. భార్యాపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా మామూలుగా 7 శాతం మించరాదనీ అంది. దేశం సముద్రమంత ఉన్నా చెంబంత ఉన్నా అదే 7. నేను పెద్ద దేశంలో పుట్టాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. వరుసలో నిలబడ్డప్పుడు మా అమ్మాయి నడక నేర్చుకుంటోంది, ఇప్పుడు కారు నేర్చుకుంటోంది. తనకు 21 నిండితే నా దరఖాస్తులో తన చోటు ఊడిపోవచ్చు. ఈ 7 శాతం పరిమితిని ఎత్తివేసే బిల్లు 2019 జూలై 10న దిగువసభ అయిన ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గి ఎగువసభ సెనేట్ గుమ్మం దగ్గరికి వచ్చింది. అందుకే ఫోను.

మా పడమటి తీరంలో ఉదయం ఆరంటే వాషింగ్టన్‌లో తొమ్మిది. ఇంట్లోవాళ్లు లేవకుండా గరాజ్‌లో కారెక్కి, స్టీరింగ్ మీద కాగితం పరుచుకుని కూర్చునేవాణ్ణి. మొదటి మూడు రోజులూ వాయిస్‌మెయిల్ నిండిపోయిందని యంత్రం చెప్పింది. నాలుగో రోజు మనిషి దొరికాడు. పేరు చెప్పాను. ఇంటిపేరు అక్షరం అక్షరం చెప్పమన్నాడు. ఇంగ్లీషులో పద్నాలుగు అక్షరాలు. మా పూర్వీకులు పాపం ఇలాంటి అవసరం వస్తుందని ఊహించలేదు. తొమ్మిదో అక్షరం దగ్గర అతను దారి తప్పాడు. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాం. అది ఒడ్డున పడ్డాక నా కాగితంలోని మొదటి వాక్యం చదివాను. రెండోది అతనే పూర్తి చేశాడు. నాలాంటివారందరికీ చదవమని పంచిన కాగితం ఒక్కటే మరి. "మీ అభిప్రాయం సెనేటర్ గారికి తప్పక తెలియజేస్తాను" అన్నాడు. మొత్తం రెండు నిమిషాలు. అందులో ఒకటిన్నర ఇంటిపేరు.

ఫోను పెట్టేశాక కొత్త బెంగ పట్టుకుంది. తమరు ఏ గడిలో పడ్డారు? "పరిమితి ఎత్తివేయాలి" అన్న నా మాటలో "పరిమితి" వరకే విని, తమర్ని అవతలి గడిలో కూర్చోబెట్టి ఉంటే? మళ్లీ చేసి అడగనా? అడిగినందుకు ఇంకో గీత గీస్తే? అదీ అవతలి గడిలోనే గీస్తే?

తమరి శక్తిని తక్కువ చేయడం లేదు. 2012 జనవరి 18న, ఇంటర్నెట్ పైరసీని అరికడతామన్న బిల్లులకు నిరసనగా ఆంగ్ల వికీపీడియా ఒక రోజు తలుపులు మూసి, మీ ప్రతినిధికి చెప్పుకోండని పాఠకులను పురమాయించినప్పుడు తమరి బంధువర్గం మిడతల దండులా దిగింది. నిన్నటిదాకా ఆ బిల్లును నెత్తిన పెట్టుకున్న సెనేటర్లు కొందరు అప్పటికప్పుడు కిందికి దించేశారు. రెండు రోజుల్లో సెనేట్ ఓటింగు వాయిదా పడింది. అయితే ఆ దండు వెనక గూగుల్ లాంటి దొడ్డవారూ ఉన్నారు. అండ ఉన్న గీతలు వేరు, మేము వేరు. మా వరుసలో ఉన్నవారికి పన్ను ఉంది, జిప్ కోడ్ ఉంది, ఓటు లేదు. ఆ కుర్రవాడు మాత్రం పౌరుడివా అని అడగలేదు. అందుకు అతనికి ఇక్కడి నుంచే దండం.

నా కడుపుమంట వేరే చోట ఉంది. మా గ్రీన్ కార్డు బిల్లును సెనేట్‌లో ఏకగ్రీవ సమ్మతితో గట్టెక్కించాలని చూశారు. ఆ పద్ధతిలో ఒక్క సభ్యుడు లేచి "అభ్యంతరం" అంటే చాలు, బండి ఆగిపోతుంది. 2019లో ఆగింది, ఒక్కసారి కాదు. అన్నవారిని వాయిస్‌మెయిల్ అడ్డుకోలేదు. ఇంటిపేరు అక్షరాలు ఎవరూ అడగలేదు. తమరూ తమరి వేలమంది చుట్టాలూ ఒక పళ్లెంలో కూర్చుంటే, ఆ ఒక్క మాట రెండో పళ్లెంలో పడి తూగింది.

చివరికి 2020 డిసెంబర్ 2న సెనేట్ తన మార్పులతో బిల్లును ఆమోదించింది. ఆ రాత్రి నా ఫోను మోగుతూనే ఉంది, అన్నీ అభినందనలే. కానీ రెండు సభల పాఠాలూ కలవలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్‌కు, అంటే ఆ విడత అమెరికా చట్టసభకు, నూకలు చెల్లాయి, దాంతోపాటు బిల్లుకూ. ఇక మొదటి నుంచి మళ్లీ బిల్లు, మళ్లీ ఫోను, మళ్లీ తమరు.

అందుకే ఈ విన్నపం. నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోదాన్ని వాటి మీదుగా ఏటవాలుగా గీస్తారని ఆ అబ్బాయే చెప్పాడు. నా నుదుటి గీత మార్చమని అడగడం లేదు. ఈసారి నన్ను ఆ ఐదోదాన్ని చేయండి. లెక్కపెట్టేవాడి కన్ను అక్కడ ఒక్క క్షణమైనా ఆగుతుంది.

ఇక సెలవు. ఆరు కావస్తోంది, ఇంటిపేరుతో మొదలుపెట్టాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు,
(గడి తెలియదు)