చెన్నైలో ఒక కొలబద్ద, ములుగులో మరొకటి

మూడు లక్షల మంది కూడా లేని జిల్లాకు ఒక కలెక్టరు, ఒక ఎస్పీ, ఇన్ని ఆఫీసులు దేనికి? తెలంగాణలో జిల్లాల సంఖ్య తగ్గించాలన్న చర్చ లేచిన ప్రతిసారీ ఈ ప్రశ్న కూడా లేస్తోంది. పేరు పెట్టి అనకపోయినా వేలు చూపేది ములుగు వైపే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో ఉన్నది 2,94,671 మంది. రాష్ట్రంలోని 33 జిల్లాల్లో ఇదే అట్టడుగు.

చిన్న జిల్లాలతో ఖర్చు పెరిగిన మాట, సిబ్బంది చాలక ఒకే అధికారి రెండు మూడు కుర్చీలు మోస్తున్న మాట నిజమే. 10 జిల్లాలు 2016 దసరా నాటికి ఒక్కసారిగా 31 అయిపోయిన తీరును కూడా మేం వెనకేసుకు రావడం లేదు. తప్పులుంటే దిద్దండి. కానీ తలకాయలు లెక్కపెట్టి దిద్దుతామంటేనే మా అభ్యంతరం.

ములుగు విస్తీర్ణం 3,881 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ జిల్లా 217. అంటే పద్దెనిమిది హైదరాబాద్‌లను ఒకదాని పక్కన ఒకటి పేర్చితే ఒక ములుగు అవుతుంది. అక్కడ చదరపు కిలోమీటరుకు 18 వేల మంది, ఇక్కడ 76 మంది. మిగతా చోటంతా ఏమిటంటే అడవి, గుట్టలు, వాగులు, ఆ చివర గోదావరి. సర్కారు ఆఫీసుకు చేరాలంటే జనం దాటాల్సింది వీటినే. ఈ మాత్రం భూగోళం అయిదో తరగతి పిల్లాడికైనా అర్థమవుతుంది.

వాజేడు, వెంకటాపురం మండలాలు ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేవి. కలెక్టరేట్‌లో పని పడితే భద్రాచలం మీదుగా ఖమ్మం దాకా పోవాలి. పనయ్యేది లేనిదీ తర్వాతి సంగతి, ముందు రెండు రోజుల కూలి పోయేది. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన పడేదాకా, అవతలి ఒడ్డున ఏటూరునాగారం కంటికి కనిపిస్తున్నా పడవే దిక్కు. 2016లో ఈ మండలాలు భూపాలపల్లి కిందికి వచ్చాయి. ఆందోళనల తర్వాత 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా అయింది. ఇప్పుడు జనం తక్కువన్న సాకుతో దాన్ని చెరిపేస్తే వాజేడు మనిషి మళ్లీ భూపాలపల్లి దారి పట్టాలి.

తల లెక్క ఎంత మోసమో చూడాలంటే ఆరోగ్య కేంద్రాల నిబంధన చాలు. మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), గిరిజన ప్రాంతమైతే 20 వేలకే ఒకటి అంటారు. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ అక్షరాలా ఆ నిబంధనతోనే నడిస్తే, ములుగు సాంద్రతకి ఒక్క పీహెచ్‌సీ పరిధి 260 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ జిల్లా మొత్తం కంటే ఎక్కువ! పురిటి నొప్పులు పడుతున్న మనిషిని వాగు దాటించి ఆ దూరం తీసుకురావాలి. 2023 జూలైలో ఈ జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది, ప్రాణాలు పోయాయి. అలాంటి రాత్రి ఆఫీసరు ఎంత దూరంలో ఉన్నాడన్నదే లెక్క.

అసలు ఒళ్లు మండేది ఇక్కడ. లోక్‌సభ సీట్లు జనాభాను బట్టి పంచితే దక్షిణాదికి అన్యాయమని 2025 మార్చి 22న చెన్నై సమావేశానికి వెళ్లినవారిలో మన అధికార పక్షం వారూ ఉన్నారు, ప్రతిపక్షం వారూ ఉన్నారు. అయిదు రోజులకే మన శాసనసభ తీర్మానం కూడా చేసింది. జనసంఖ్య ఒక్కటే కొలబద్ద కాకూడదన్నారు. ఆ వాదనతో మాకు పేచీ లేదు. మరి ఢిల్లీ ముందు చెల్లని కొలబద్ద ములుగు ముందు ఎలా చెల్లుతుంది? మనకు కోత పడితే అన్యాయం, కోయగూడేనికి పడితే పొదుపా?

అవసరానికి మాత్రం ఈ జిల్లా ఎవరికీ చిన్నదిగా కనిపించదు. గంగారం దగ్గర గోదావరి నీళ్లు ఎత్తిపోసి దేవాదుల పేరుతో పై జిల్లాలకు పట్టుకుపోతాం. తుపాకులగూడెం బ్యారేజీ ఇక్కడే కట్టాం. రెండేళ్లకోసారి మేడారానికి కోటి మంది వస్తారని ప్రభుత్వమే గొప్పగా చెబుతుంది. రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన రోజున ములుగు రాష్ట్రానికంతటికీ గర్వకారణం. జాతర ముగిసి బస్సులు వెళ్లిపోగానే మళ్లీ మూడు లక్షలు లేని జిల్లా!

ఇది ఒక్క జిల్లాతో ఆగే వ్యవహారమూ కాదు. జనం తక్కువని జిల్లాను తీసేయడం ఒకసారి ఒప్పుకున్నామా, ఆ తర్వాత మండలం. ఆ తర్వాత పిల్లలు పదిమంది లేరని బడి, టికెట్లు తెగడం లేదని బస్సు. ప్రతి ఫైలు మీదా ఇదే కారణం రాస్తారు, పాత ఫైలును ఉదాహరణగా చూపిస్తారు. బడి, బస్సు పోయిన ఊళ్లో జనం నిలుస్తారా? 2027 జనగణనలో ఇంకా తగ్గారంటారు. తగ్గారు కాబట్టి ఇంకొకటి తీసేస్తారు.

గీతలు గీసే పెద్దలకు ఒక సలహా. జూలైలో ముసురు పట్టిన వారం చూసుకుని వాజేడులో బయల్దేరి భూపాలపల్లి దాకా వెళ్లి రండి. హెలికాప్టర్‌లో కాదు, పల్లె వెలుగు బస్సులో. దిగాక కూడా మూడు లక్షలే కదా అనిపిస్తే, దక్షిణాది సీట్ల మీద ఈసారి జరిగే సమావేశంలో మైకు పట్టుకుని ఆ మాటే అనండి.